వ్యాస్ వస్తేనే కదిలే బండి

"అయ్యయ్యో! చెరిపేశారా?"

గుడివాడ బైపాస్ పక్కన షెడ్డులో పాత పికప్ బానెట్‌ని గుడ్డతో తుడుస్తున్న వేదవ్యాస్ ఉలిక్కిపడ్డాడు. చేతిలో గుడ్డ కాస్తా ఆయిల్ ట్రేలో పడింది.

"ఏం చెరిపానండీ? మురికి తుడుస్తున్నాను."

"మురికా? మా అమ్మ పెట్టిన బొట్టండీ అది!"

ఎదురుగా నీలం చున్నీ నడుముకి బిగించిన అమ్మాయి. కళ్ళల్లో కోపం ఫుల్ ట్యాంక్.

"సారీ అండీ. అయినా బొట్టు చెరిగితే బండికేమవుతుంది?"

"బండికేమీ అవదు. మా అమ్మకవుతుంది. అమ్మకయితే నాకవుతుంది. నాకయిందంటే మీకవుతుంది."

వ్యాస్‌కి నవ్వొచ్చింది. కానీ ఆ మొహం చూసి మింగేశాడు. షెల్ఫ్ మీద తన అమ్మ కామేశ్వరి పెట్టి పంపిన కుంకుమ భరిణె ఉంటే తెచ్చి బానెట్ మీద గుండ్రంగా, జాగ్రత్తగా బొట్టు పెట్టాడు.

"వంకరగా పెట్టారు," అంది ఆ అమ్మాయి. కానీ పెదవి చివర చిన్నగా కదిలింది.

అంతే! వ్యాస్ గుండె ఒక్కసారి మిస్‌ఫైర్ అయింది.

ఆ అమ్మాయి పేరు సాయిదుర్గ. పాలకాయతిప్ప దగ్గర ఊరు. నాన్న కోదండరామయ్య పడవ మీద సముద్రానికి వెళ్తాడు. ఆ చేపల్ని ఐసులో పెట్టి, పికప్ తనే నడుపుకుంటూ గుడివాడ మార్కెట్‌కి తెస్తుంది సాయిదుర్గ. డిగ్రీ అయ్యాక బ్యాంక్ కోచింగ్‌కి పంపుతానన్న నాన్నని బతిమాలి, పోట్లాడి, చివరికి రెండ్రోజులు అలిగి మరీ సంపాదించుకున్న స్టీరింగ్ అది.

వ్యాస్ కథ కూడా దాదాపు అంతే. నాన్న నరసింహమూర్తి మాస్టారు, బాబాయిలు క్లర్కులు, అక్క లెక్చరర్. ఇంటినిండా చాక్‌పీసులూ ఫైళ్ళే. ఆ ఇంట్లోంచి మెకానికల్ ఇంజినీరింగ్ చేసిన కుర్రాడు హైదరాబాద్ ఉద్యోగం వదిలేసి వచ్చి పాత బళ్ళ షెడ్డు పెట్టాడు. "ఇంజిన్ ఊపిరి వింటేగానీ నాకు నిద్ర పట్టదు నాన్నా" అంటాడు. "మాకూ పట్టట్లేదురా" అంటారు మాస్టారు.

పికప్ ఇంజిన్ మొత్తం విప్పాడు వ్యాస్. హెడ్ గాస్కెట్ మార్చాడు, డీజిల్ పంపు సర్వీస్ చేయించాడు, నాజిల్స్ శుభ్రం చేశాడు.

"ఈ ట్యాంకుకి గుడ్డ కుక్కారేంటండీ?"

"మూత ఎక్కడో పడిపోయిందండీ. అప్పట్నుంచీ గుడ్డే మూత."

"ఇంత అందమైన బండికి గుడ్డ మూతా?" అంటూ తళతళలాడే కొత్త మూత బిగించాడు. తాళంచెవి కూడా ఉన్న మూత.

"నేనడగలేదే?"

"బండడిగింది."

సాయిదుర్గ నవ్వేసింది. బండి స్టార్ట్ చేస్తే కొత్త పెళ్ళికూతురి నడకలా ఎంత మెత్తగా ఉందో! ఇక తిరుగులేదనుకున్నాడు వ్యాస్.

సరిగ్గా తర్వాతి లోడుకే ఫోనొచ్చింది.

"వ్యాస్ గారూ! చల్లపల్లి దగ్గర ఆగిపోయిందండీ. అవనిగడ్డ దాటినప్పట్నుంచీ ఒకటే దగ్గు, ఒకటే కుదుపు. ఎక్సలేటర్ తొక్కితే ఇంకా ఏడుస్తోంది!"

బైకేసుకుని పరిగెత్తాడు వ్యాస్. చెయ్యాల్సినవన్నీ వరసగా చేశాడు. ముందు ట్యాంకు మూత తీసి డీజిల్ చూశాడు. మూత మీద సాయిదుర్గ అమ్మ వీరలక్ష్మిగారు పెట్టిన పసుపూ కుంకుమా ఉన్నాయి. ఈసారి ఒక్క రవ్వ కూడా చెరగనివ్వలేదు! పువ్వుని పట్టుకున్నట్టు పట్టుకుని, మళ్ళీ అంతే భద్రంగా బిగించాడు. తర్వాత ఫిల్టర్ దగ్గర స్క్రూ వదులు చేసి, హ్యాండ్ పంపు కొట్టి, పైపులో గాలంతా తీసేశాడు. సెల్ఫ్ కొట్టగానే బండి బుద్ధిమంతుడిలా స్టార్టయింది.

"గాలి పట్టిందండీ. ఇక ప్రాబ్లెమ్ ఉండదు."

ఉంది. తర్వాతి లోడుకీ అంతే. ఫిల్టర్ మార్చాడు. ఆ తర్వాతి లోడుకీ అంతే. పైపులు మార్చాడు, నాజిల్స్ మళ్ళీ విప్పి చూశాడు. షెడ్డులో ఎంతసేపు నడిపినా చక్కగా ఉంటుంది. లోడుతో రోడ్డెక్కితే సగం దారిలో దగ్గు. వ్యాస్ వచ్చి ముట్టుకోగానే మళ్ళీ మామూలే. తిరుగు ప్రయాణంలో ఖాళీ బండి కాబట్టి ఎలాగో దగ్గుకుంటూ ఇల్లు చేరేది.

"మీరంటే దానికి బాగా ఇష్టంలా ఉంది," అంది సాయిదుర్గ ఒకసారి, రోడ్డు పక్కన కొబ్బరి బోండాం తాగుతూ.

"దానికేనాండీ?"

"బండి గురించి మాట్లాడుతున్నాను," అని అటు తిరిగిపోయింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

వ్యాస్‌కి అన్నం సయించడం లేదు. ప్రేమ వల్ల కొంత, ఇంజిన్ వల్ల ఎక్కువ. తను విప్పి బిగించిన ఇంజిన్ తనకే లొంగకపోవడమేంటి? కనిపెట్టాల్సిందే. కనిపెట్టి తీరాలి!

ఆ శుక్రవారం సాయిదుర్గ నంబర్ నుంచి ఫోన్ మోగింది. వ్యాస్ జుట్టు సర్దుకుని మరీ ఎత్తాడు.

"ఏవయ్యా అబ్బాయ్," అంది గరుకు గొంతు. కోదండరామయ్య! "నీ పని నాకర్థమైంది. కావాలనే ఏదో ఒక నట్టు వదులుగా పెట్టి పంపుతున్నావు. బండాగితే నువ్వు రావొచ్చు, మా అమ్మాయితో బోండాలు తాగొచ్చు. అంతేనా?"

"అయ్యో, ఒట్టు అండీ, అలాంటిదేం..."

"చల్లపల్లిలో చూసినోళ్ళు చెప్పారు. ఆదివారం పామిడిముక్కల నుంచి కొనే పార్టీ వస్తున్నారు. బండిచ్చేస్తున్నా. పిల్ల కోచింగ్‌కెళ్తుంది. సరుకు ఇంకెవరైనా తోలుకుంటారు."

వెనకనుంచి సాయిదుర్గ గొంతు వినిపించింది. "నాన్నా, రేపొక్క లోడు! రేపు కూడా ఆగితే నేనే తాళాలిస్తాను."

వ్యాస్ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "రేపు నేనూ బండిలోనే వస్తానండీ. మీరూ రండి. బండి మీద చెయ్యి వెయ్యను. నట్టు ముట్టను. కళ్ళతో చూస్తాను, అంతే."

"చూద్దాం," అన్నాడు కోదండరామయ్య.

శనివారం పొద్దున వ్యాస్ వెళ్ళేసరికి పెట్టెలు ఎక్కించడం అయిపోయింది. వీరలక్ష్మిగారు పసుపు గిన్నెతో బండి చుట్టూ తిరుగుతోంది. బానెట్‌కి, టైర్లకి, స్టీరింగ్‌కి, చివర్లో ట్యాంకు మూతకి.

"దీనికింత మందంగానా అండీ?" అన్నాడు వ్యాస్ నవ్వుతూ.

"అన్నం తినే నోరు కదా బాబూ. నూనెతో కలిపా. ఉప్పుగాలికి రాలదు."

సాయిదుర్గ స్టీరింగ్ ముందు, వ్యాస్ ఆ చివర కిటికీ పక్కన. మధ్యలో గోడలాగా కోదండరామయ్య. వ్యాస్ తల కాస్త ముందుకు వంచితే ఆయనా వంచుతాడు. వెనక్కి వాలితే ఆయనా వాలుతాడు.

"అటు ఏం చూస్తున్నావయ్యా?"

"టెంపరేచర్ మీటరండీ."

"మీటరిటుంది."

సాయిదుర్గ పెదవి కొరుక్కుని గేరు మార్చింది.

కోడూరు దాటింది, బాగానే ఉంది. అవనిగడ్డ దాటింది, చిన్న కుదుపు. మోపిదేవి దాటాక మొదలైంది దగ్గు. చల్లపల్లి ఇంకో రెండు మలుపులుందనగా ఇంజిన్ దబదబలాడి ఆగిపోయింది. అదే టైముకి చిటపటమంటూ వాన.

"చూశావా!" అన్నాడు కోదండరామయ్య. వ్యాస్ చెయ్యి అలవాటుగా డోర్ హ్యాండిల్ మీదికి వెళ్ళింది. "ఆగు! నువ్వు దిగొద్దు. నువ్వు ముట్టుకుంటే బాగవుతుంది, అదే కదా నీ కిటుకు? అమ్మాయి చేస్తుంది. నువ్వు చెప్పు."

సాయిదుర్గ చున్నీ తలకి చుట్టుకుని వానలోకి దూకింది. బానెట్ లేపింది. వ్యాస్ కిటికీలోంచి సగం బయటికొచ్చి అరిచాడు.

"ఫిల్టర్ పైన స్క్రూ రెండు చుట్లు వదులు చెయ్యండి! పక్కనున్న పంపు కొట్టండి! డీజిల్ వస్తోందా?"

"కొడుతున్నా! రావట్లేదండీ!"

"ఇంకా కొట్టండి!"

"చెయ్యి పడిపోతోంది వ్యాస్ గారూ! నాలుగు చుక్కలొచ్చి ఆగిపోయింది!"

కోదండరామయ్య సెల్ఫ్ కొట్టాడు. లేదు. మళ్ళీ పంపు, మళ్ళీ సెల్ఫ్. లేదు. వెనక పెట్టెల్లోంచి కరిగిన ఐసు నీళ్ళు వాననీళ్ళతో కలిసి కారుతున్నాయి. కోదండరామయ్య అద్దంలోంచి ఆ నీళ్ళనే చూస్తున్నాడు.

వ్యాస్ కళ్ళు మూసుకున్నాడు. ఫిల్టర్ కొత్తది. పైపులు కొత్తవి. పొద్దున్నే ట్యాంకు నిండా డీజిల్ పోయించారు. మరి పంపు కొడితే ఎందుకు రాదు? రోజూ నేను కొడితే వస్తుందే?

సాయిదుర్గ తడిసిన మొహంతో కిటికీ దగ్గరికొచ్చింది. ఏడుస్తోందో వానో తెలీదు. కానీ గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "వ్యాస్ గారూ, మీరు రోజూ చేసేదాంట్లో నాతో ఏదో ఒకటి చేయించలేదు. గుర్తు తెచ్చుకోండి."

"అన్నీ చెప్పానండీ."

"లేదు. మీరు బైకు దిగగానే బానెట్ దగ్గరికి రారు. ముందు వెనక్కెళ్తారు. నాకు తెలుసు, నేను మిమ్మల్నే చూస్తుంటాను కదా!"

కోదండరామయ్య కనుబొమలు పైకి లేచాయి. సాయిదుర్గ నాలుక కరుచుకుంది.

"ట్యాంకు మూత!" అరిచాడు వ్యాస్. "ఇవాళ నిండా ఉందని వదిలేశాను. తియ్యండి! మూత తియ్యండి!"

సాయిదుర్గ తాళం తిప్పి మూత లాగింది.

సుయ్య్... మంటూ గాలి లోపలికి పీల్చుకుంది ట్యాంకు. నీళ్ళలో మునిగి లేచిన మనిషిలా.

"ఇప్పుడు పంపు కొట్టండి!"

డీజిల్ బుడబుడా వచ్చింది. స్క్రూ బిగించి సెల్ఫ్ కొడితే అదే మెత్తటి నడక!

"మూత నాన్నగారికివ్వండి," అన్నాడు వ్యాస్. చెయ్యి వెయ్యనన్న మాట మీద నిలబడ్డాడు. "బొట్టు గీకి చూడండి. కింద చిన్న రంధ్రం ఉండాలి."

కోదండరామయ్య గోరుతో గీకాడు. నూనెతో కలిపిన పసుపు గట్టి పెచ్చులా ఊడింది. దాని కింద ఆవగింజంత రంధ్రం, నిండా పసుపు.

"డీజిల్ తగ్గేకొద్దీ ఆ రంధ్రంలోంచి గాలి లోపలికి వెళ్ళాలండీ. లేకపోతే ట్యాంకు తన డీజిల్‌ని తనే వెనక్కి లాక్కుంటుంది. గుడ్డ ఉన్నప్పుడు గాలాడేది. నేను కొత్త మూత పెట్టాను, అమ్మగారు బొట్టు పెట్టారు. ప్రతిసారీ మూత తీసి నేనే బాగుచేశాను. బొట్టు చెరుగుతుందని తుడవకుండా మళ్ళీ నేనే బిగించాను."

సాయిదుర్గ చున్నీకున్న పిన్నీసు తీసి రంధ్రం శుభ్రం చేసింది. బండి కదిలింది. కాసేపటికి కోదండరామయ్య కూతురి వైపు తిరిగాడు.

"అది సరే. ప్రతిసారీ చల్లపల్లి దగ్గరే ఆగింది. అక్కడే మేస్త్రీ ఉన్నాడు. గుడివాడ నుంచి ఈ అబ్బాయినెందుకు పిలిచావు?"

వైపర్లు రెండుసార్లు అటూ ఇటూ తిరిగాయి.

"చల్లపల్లి మేస్త్రీ బొట్టు చెరిపేస్తాడు నాన్నా," అంది సాయిదుర్గ రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

వ్యాస్ గుండె మళ్ళీ మిస్‌ఫైర్. "అంకుల్, మొదటిసారి బండి కోసమే వచ్చానండీ. తర్వాత ఆగకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకుంటూనే, ఫోన్ రావాలని కూడా పెట్టుకున్నాను. నాకు సాయిదుర్గ గారంటే ఇష్టం. మీరు దిగమంటే ఇక్కడే దిగిపోతాను."

"వానలో ఎక్కడికి దిగుతావు, కూర్చో," అన్నాడు కోదండరామయ్య. బండి పామర్రు దాటింది. తర్వాత ఫోన్ తీసి పామిడిముక్కల పార్టీకి చేశాడు. "బండి ఇవ్వట్లేదండీ. అమ్మాయికి కావాలి." ఫోన్ జేబులో పెట్టి, మెల్లగా వెనక్కి జారబడ్డాడు. గోడ కాస్త కిందికి దిగింది. దాని మీదుగా నాలుగు కళ్ళు కలిశాయి.

సాయంత్రం పాలకాయతిప్ప చేరేసరికి వీరలక్ష్మిగారు అంతా విని, పసుపూ కుంకుమల పళ్ళెం పట్టుకుని నిలబడిపోయింది.

"మీ అమ్మగారికి చేపల వాసన పడుద్దా బాబూ?"

"మా అమ్మకి డీజిల్ వాసనే పడిందండీ. ఇది లెక్కా! రేపు తీసుకొస్తాను, మీరే అడుగుదురుగాని."

ఆవిడ దగ్గరికొచ్చింది. వేలితో కుంకుమ తీసి, వ్యాస్ నుదుటి దగ్గర ఆగింది.

"ఇక్కడ రంధ్రాలేం లేవు కదా?"

"లేవండీ," అన్నాడు వ్యాస్. "మందంగా పెట్టండి."