తలుపు పక్కన జాక్

ఉదయం తొమ్మిదింటికి మెకానిక్ బండి కింద నలిగిపోయి కనిపించాడు. జాక్ జారిందని పోలీసులు రిపోర్టు రాసి చేతులు దులుపుకున్నారు.

పదింటికి ఏజెంట్ సెవెంటీన్ చీఫ్ ఎదుట నిలబడ్డాడు. కూర్చోమనడం చీఫ్‌కి అలవాటు లేదు.

"ఆయన మన మనిషి. నీకు బావ. ఏడవడానికి సాయంత్రం టైమిస్తాను," అన్నాడు చీఫ్. "అవతలి దేశంలో మన ఏజెంట్లు పదకొండు మంది. వాళ్ల పేర్లున్న మైక్రోఫిల్మ్‌ని శత్రువుల ముఠా ఆయన మీద పడ్డ ఆ మోటార్ హోమ్‌లోనే దాచింది. నాలుగింటికి బండి బోర్డర్ గేటు దాటుతుంది. దాటిందా, పదకొండు మందీ పోయినట్టే."

"సోదా చేయిస్తే?"

"కస్టమ్స్ రెండుసార్లు చేసింది. దొరకలేదు. కొత్త మెకానిక్‌గా వెళ్లి, సామాను సర్దుతూ వెతుకు. బండి యజమానురాలు ముఠాలో ఉన్న మన డబుల్ ఏజెంట్. కోడ్ అడుగు. సాయం చేస్తుంది."

చీఫ్ ఒక టైర్ గేజ్ ఇచ్చాడు. గాలి చూస్తుంది. బటన్ నొక్కితే మత్తు సూది వదులుతుంది.

షెడ్డులో ఆవిడ ఎర్ర గ్లవ్స్ తొడుక్కుని, గ్రీజు వాసన మీద సెంటు వాసన పరిచి నిలబడి ఉంది. తలుపు దగ్గర ముఠా మనుషులిద్దరు, జేబుల్లోంచి చేతులు తీయకుండా.

"దారిలో వానలున్నాయా?" అన్నాడు.

"గొడుగులు రెండున్నాయి." జవాబు సరిపోయింది. చూపు మాత్రం అతన్ని గుమ్మం బయటే నిలబెట్టింది.

ఏడు దేశాలు, ఆరు నెలల ప్రయాణం. స్పానర్ సెట్టు, ఫ్యాన్ బెల్టులు, ఫ్యూజులు, టార్పాలిన్, మందుల పెట్టె, రేషన్ డబ్బాలు. అన్నీ తడిమాడు. ఏమీ లేదు. నీళ్ల క్యాన్లు ఎత్తేసరికి, అన్నిటికంటే అడుగున జాక్ కనిపించింది.

"మేడమ్, జాక్ అడుగున పెట్టారేంటి? టైరు పోతే ఇదంతా దింపాలి."

"పోదు."

"ఆరు నెలల్లో ఒక్కసారి కూడానా?"

"మిమ్మల్ని సర్దమన్నాను. సలహాలడగలేదు."

అతను గేజ్ తీసి వెనకాల బిగించిన స్టెప్నీ వైపు నడిచాడు. ఆవిడ అడ్డం వచ్చింది.

"అందులో గాలుంది. పాత మెకానిక్ కూడా ఇలాగే ప్రశ్నలు వేశాడు."

అతని ఒళ్లు మండిపోయింది. పని నేర్పిన మొదటిరోజే బావ చెప్పాడు: దూరప్రయాణానికి జాక్ తలుపు పక్కన పెట్టాలి, తక్కినవన్నీ ఆ తర్వాతే. దాన్ని అడుగున పాతిపెట్టిందంటే, దారిలో ఎవరూ స్టెప్నీ విప్పకూడదన్నమాట. ఫిల్మ్ అందులోనే ఉంది. బావని చంపిందీ ఈవిడే. అక్కడే గొంతు పిసికేద్దామనిపించింది, కానీ షెడ్డులో రెండు తుపాకులున్నాయి. గేటు దగ్గర గార్డులుంటారు.

ఆవిడ ఫోన్లో ఉండగా జాక్‌నీ వీల్ స్పానర్‌నీ తెచ్చి తలుపు పక్కన పెట్టాడు. ముందు చక్రం వాల్వ్ పిన్ను రెండు చుట్లు వదులు చేశాడు, గాలి మెల్లగా పోయేలా.

"గేటు దాకా వస్తాను. ఇంజన్ సౌండు చూడాలి," అన్నాడు. ముఠా మనుషుల్ని అక్కడే ఉండమని, ఆవిడ విసుగ్గా ఎక్కమంది.

మూడూ యాభై ఆరు. గేటుకి పది అడుగుల దూరంలో బండి ఒక పక్కకి ఒరిగింది.

"స్టెప్నీ వేసుకోండమ్మా, వెనక లైనుంది," అన్నాడు గార్డు.

"వద్దు. ఇలాగే లాగించేస్తాను."

"రిమ్ము మీద వదలం."

"జాక్ అడుగునెక్కడో ఉంది. తీయడానికి గంట పడుతుంది."

"అంత శ్రమెందుకు మేడమ్?" అని అతను చెయ్యి చాపి జాక్ అందుకున్నాడు.

ఆవిడ యాక్సిలరేటర్ తొక్కింది. బంపర్ గేటు కర్రని తాకింది. ఒక చేత్తో లిప్‌స్టిక్ పిస్టల్ తీసింది. అతను గేజ్ బటన్ నొక్కాడు. సూది ఎర్ర గ్లవ్‌లో దిగింది, పిస్టల్ జారిపడింది. అతను హ్యాండ్ బ్రేక్ లాగాడు.

మూడూ యాభై తొమ్మిది. బండి గేటు ఇవతలే ఆగింది. తర్వాత స్టెప్నీ విప్పితే ట్యూబుకీ టైరుకీ మధ్య ఫిల్మ్ దొరికింది.

సాయంత్రం చీఫ్ సామాను లిస్టు సరిచూశాడు. డబుల్ ఏజెంట్ ఊసు ఎత్తలేదు.

"షెడ్డులో వాళ్లిద్దరూ దొరికారు. అన్నీ ఉన్నాయి, జాక్ లేదు. ఎక్కడ?"

"గుర్తుగా ఉంచుకుంటానని అక్క అడిగింది. బావ ఎలా పోయాడో చెప్పి, ఇచ్చేశాను."

"రిపోర్టులో ఏం రాయను?"

"పోలీసులు రాసిందే రాయండి సార్. జాక్ జారింది."