నా ఏళ్ళెవరిస్తారు?

“మీరు మా ఇంట్లో ఇంకా ఎన్నాళ్ళుంటారు?” అని అడిగేసింది పిల్ల, నోట్లో ముద్ద పెట్టుకునే! అదీ కన్నతండ్రిని! అతను యుద్ధానికి వెళ్ళేనాటికి అది పొత్తిళ్ళలో ఉంది మరి... అతను చెయ్యి కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, రోజూలాగే గోదాకి వెళ్ళిపోయాడు.

అతని భార్యకి ఒళ్ళు మండిపోయింది. తిరిగొచ్చినప్పటినుంచీ ఇదే వరస! పగలంతా వడ్రంగి కొట్టు, సాయంత్రమైతే కుస్తీ. దేశం తరఫున పట్టడానికి ఎంపికైన వారానికే సైన్యం పిలిచింది, నిజమే... పైసా రాని ఆ కుస్తీ అంటే ప్రాణం, అదీ నిజమే. యుద్ధంతో ఆగిపోయిన ఆ పోటీలు మళ్ళీ పెడుతున్నారట, ఈసారైనా పట్టి తీరాలట. ఇంట్లో మనుషులు మాత్రం కంటికి ఆనరు!

“అత్తయ్యా, పిల్లని చూస్తుండండి. ఇవాళ తేల్చుకునే వస్తాను!”

“వాడి బాధ వాడిదే అమ్మాయ్...”

“మరి నాది?” అంటూ చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

గోదాలో మీసం కూడా సరిగా రాని కుర్రాడొకడు అతన్ని ఎత్తి కుదేశాడు. లేచాడు. మళ్ళీ కుదేశాడు. యుద్ధంలో విరిగిన భుజం అతుక్కుందిగానీ, చెయ్యి పైకి లేవడం లేదు. కుస్తీ నేర్పే వస్తాదు ఆమెని చూసి దగ్గరకొచ్చాడు. “నువ్వైనా చెప్పమ్మా. వయసు మళ్ళింది, చెయ్యి పోయింది. ఇంక పనికిరాడు.”

తిట్టడానికొచ్చింది మొగుణ్ణే... కానీ ఆ మాట చెవిన పడేసరికి ఆమెకి పూనకం వచ్చినట్టయింది!

“పనికిరాడా! ఆ మాట అనడానికి మీరెవరండీ? ఆ చెయ్యి ఎక్కడ పోయిందో మీకు తెలీదూ? ఈయన అక్కడ బురద గుంటల్లో పడుంటే, మీరిక్కడ నీడపట్టున ఈలలు ఊదుకున్నారు!”

అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఆమె అదే ఊపులో మొగుడి వైపు తిరిగింది.

“మీకేమో పోయిన ఏళ్ళు కావాలి! నావి పోలేదా? పొద్దస్తమానం సైనికుల చొక్కాలకి గుండీలు కుట్టాను. ఏది మీ ఒంటిమీదకొస్తుందో, ఏది రక్తంలో తడుస్తుందో అనుకుంటూ కుట్టాను! మామయ్య పోతే కాటి దగ్గర మీ బదులు నేనే నిలబడ్డాను. నా ఏళ్ళెవరిస్తారు? నాకు ఏ పోటీ పెడతారో చెప్పండి!”

ఏడుస్తూనే అరిచింది. అతను గోదాలోంచి లేచొచ్చి, తువ్వాలు భుజాన వేసుకుని, “నాన్న చివర్లో నన్నడిగాడా?” అన్నాడు. తిరిగొచ్చాక అతను ఇంటి సంగతి అడగడం అదే మొదలు!

“ఇప్పుడా అడగడం!” అని కసిరింది. కసురుతూనే దారి పొడుగునా చెప్పింది. మామయ్య దగ్గు, పిల్ల తొలి అడుగులు, చలికి వేళ్ళు పగిలి సూది పట్టు దొరక్కపోవడం... ఎక్కడా గొంతు తగ్గించలేదు. జనం తిరిగి చూస్తే చూడనీ! అతను ఊఁ కొడుతూ నడిచాడు.

ఇల్లొచ్చేసింది. ఆమె కోపం సగం కూడా తీరలేదు. అతను గుమ్మం ముందు ఆగలేదు.

“చెప్పు,” అన్నాడు, వీధి చివరివైపు నడుస్తూ.

ఆమె కళ్ళు తుడుచుకుని, అతని పక్కనే నడిచింది.