మూత తీయని నీళ్ల సీసా

సిరిసిల్లలో ఒక మరమగ్గాల షెడ్డు. ఉదయం ఆరున్నర. మగ్గాలన్నీ ఆపేశారు.

రెండు మగ్గాల మధ్య దినేశ్ బోర్లా పడి ఉన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ల సన్నటి మనిషి. ఒంటి మీద దెబ్బ లేదు. ప్రాణం లేదు.

ఎస్సై హేమలత వంగి చూసింది. పాదాలు ఉబ్బాయి. చెప్పుల పట్టీలు బ్లేడుతో కోసి ఉన్నాయి. జేబులో నొప్పి గోలీల షీటు, సగం ఖాళీ. కిటికీలో నీళ్ల సీసా. సీలు కూడా తెగలేదు.

బయట తల్లి లసుమవ్వ గుండెలు బాదుకుంటోంది.

"గీ కోడలే మందు పెట్టింది మేడం! వాడు దుబాయ్ పోవుడు దీనికి ఇష్టం లేదు. రాత్రి అంబలి పంపింది. తాగంగనే కక్కిండట!"

కోడలు మాధవి నీళ్ల గ్లాసు అందించబోయింది. లసుమవ్వ తోసేసింది.

"ఇగ నన్ను గూడ సంపుతవా?"

హేమలత మాధవిని పక్కకు పిలిచింది.

"గొడవ పడ్డరా?"

"పడ్డం మేడం. పోవద్దన్న."

"అంబలిల ఏం కలిపినవ్?"

"ఉప్పు."

"ఎప్పటి సంది బాగలేదు?"

"సోమారం సంది విరోచనాలు. మూత్రం సరిగ్గ అస్తలేదంటే బుధారం నేనే ల్యాబ్‌కు తీస్కపోయిన. నార్మల్ అన్నరు. నార్మలే గద అని పనికి పంపిన."



కొన్ని వారాలకు ఫోరెన్సిక్ రిపోర్టు వచ్చింది. విషం లేదు.

అయినా వాడకట్టులో మాధవి చేతి నీళ్లు ఎవరూ ముట్టలేదు. "విషం లేకుంటే మరెట్ల సచ్చిండు?" లసుమవ్వది ఒకటే మాట.

హేమలతకు గల్ఫ్ గుర్తొచ్చింది. దుబాయ్ పోయేవాడికి మెడికల్ టెస్టు చేసి ఉంటారు. దినేశ్‌ని పంపే కోరుట్ల ఏజెంటుకు ఫోన్ చేసింది.

మర్నాడు పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ శ్యాంసుందర్‌ని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లింది. అత్త ఒక మూల, కోడలు ఇంకో మూల.

"కిడ్నీలు దెబ్బతిన్నయ్. పాదాలు ఉబ్బింది అందుకే," అన్నాడు డాక్టర్. "రక్తంలో క్రియాటినిన్ అని ఒకటుంటది. కిడ్నీ పని తగ్గితే అది పెరుగుతది. ఆ బుధవారం ల్యాబ్ రిపోర్టుల 1.2. అందరి లెక్కల అది నార్మలే."

"మరి?" అంది మాధవి.

హేమలత ఫోన్ చూపించింది. "అంతకు నెల ముందు కోరుట్లల గల్ఫ్ మెడికల్. అప్పుడు 0.6."

"అంటే రెట్టింపు," అన్నాడు డాక్టర్. " కిడ్నీల పని అంచనా నూట ముప్పై నుంచి ఎనభైకి పడ్డది. అసలు దెబ్బ అంతకన్న ఎక్కువ. రక్తంల అంకె ఎనకనుంచి, ఆలస్యంగ పెరుగుతది. రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూసినోళ్లు లేరు. ఒంట్ల నీళ్లు తగ్గినంక నొప్పి గోలీలు కిడ్నీలను ఇంకింత దెబ్బతీసినయ్. ఆనాడే సెలైన్ ఎక్కించి, నొప్పి గోలీలు ఆపితే బహుశా బతికేటోడు."

హేమలత లసుమవ్వ ముందు కూర్చుంది.

"అవ్వా, నీళ్ల సీసా సీలు తెగలే. విరోచనాలున్న మనిషి నీళ్లెందుకు తాగలే?"

"తాగితే మల్ల బయటికి ఉరకాలె గద. సాంచల కాడ, మగ్గాల కాడ మనిషి లేకుంటే పోగు తెగి బట్ట ఖరాబైతది. వాళ్ల నాయిన గూడ గట్లనే నడిపిండు. తాగకు కొడకా అని నేనే..."

"గోలీలు?"

"ఒళ్లు నొప్పులంటే... నేనే తెచ్చిచ్చిన."

లసుమవ్వ తన అరచేతులు చూసుకుంది. ఏడుపు రాలేదు.

"అవ్వా, నీ మీద కేసు లేదు. ఎవ్వరి మీద లేదు," అంది హేమలత.

ఆ మాట ఆమె విన్నట్టు లేదు.

మాధవి లేచింది. కుండలో నీళ్లు ముంచి తెచ్చింది.

"నీకు తెల్వది అత్తా. నాకూ తెల్వది. నార్మల్ అని పంపింది నేనే గద. తాగు."

లసుమవ్వ రెండు చేతులతో గ్లాసు అందుకుంది. గుటక దిగలేదు.

గ్లాసు మాత్రం వదలలేదు.