నైటీకి లైనింగ్

పొద్దున ఆరున్నరకి ఇద్దరు ఆడవాళ్ళు నడుం వంచుకుని ఆ వంటగదిలోకి వచ్చారు. ఒకావిడ డెబ్బై ఏళ్ళ అత్తగారు. ముప్పై ఏళ్ళు ఇస్త్రీ కొట్టు నడిపి, బల్ల మీదికి వంగీ వంగీ ఆ నడుం అలాగే ఉండిపోయింది. రెండో ఆమె నలభై నాలుగేళ్ళ కోడలు, వీధి చివర బట్టలు కుట్టే టైలరమ్మ. కేన్సర్ అని నిరుడు ఆమె ఎడమ రొమ్ము తీసేశారు. పదిహేడు రోజుల క్రితం ఆమె పొట్ట మీది చర్మం, కొవ్వు తీసి, పోయిన రొమ్ము స్థానంలో కొత్తది కట్టారు. నిటారుగా నిలబడితే పొట్ట మీద కుట్లు లాగుతున్నాయి.

"మనిద్దరిలో ఎవరు ముసలో చూసేవాళ్ళకి తెలీదు అమ్మాయ్" అంది అత్తగారు, పాలు పొయ్యి మీద పెడుతూ.

"మీరే పడుచు అత్తయ్యా. మీకు కుట్లు లేవుగా."

గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు వేసుకుంటున్న భర్త నవ్వాడు. అతను సిటీ బస్సు డ్రైవరు. ఏడింటికి డ్యూటీ ఎక్కాలి. "నొప్పెలా ఉందోయ్?" అన్నాడు.

"బానే ఉంది."

"నిన్నా అదే మాట."

"నిన్నా బానే ఉంది మరి. మీకు టైమవుతోంది, వెళ్ళండి."

బాగా లేదు. కొత్త రొమ్ము పాపం ఏ పేచీ పెట్టలేదు. దానికింకా స్పర్శే రాలేదు. పేచీ అంతా దానికి తనలోంచి తీసిచ్చిన పొట్టది. నాలుగు రోజులుగా ఒకచోట కుట్టు విచ్చి చెమ్మ కారుతోంది. రాత్రి నుంచి సన్నగా చలి కూడా మొదలైంది. ఆ సంగతి ఆమెకి తప్ప ఇంట్లో ఇంకెవరికీ తెలీదు.

ఎందుకు చెప్పలేదంటే, ఒక మాట వల్ల. ఆపరేషన్‌కి ముందు అత్తగారు ఇదే వంటగదిలో అంది. "ప్రాణం దక్కింది, చాలదా? మానిన ఒంటి మీద మళ్ళీ కత్తి పెట్టించుకోవడం కొరివితో తల గోక్కోవడం కాకపోతే ఏంటి?" కోడలు అప్పుడు తొణకలేదు. "ఇది నాకు కావాలి అత్తయ్యా" అంది. రోజుకి పదిమంది ఆడవాళ్ళని అద్దం ముందు నిలబెట్టి కొలతలు చూసే మనిషి, ఏడాదిగా తన కొట్లో తన అద్దానికే ఎదురుపడకుండా తిరిగింది. ఆ సంగతి ఎవరికి చెప్పినా అర్థం కాదనుకుంది. ఏరికోరి చేయించుకున్నాక ఇక అమ్మా అబ్బా అనడానికి మొహం చెల్లలేదు. తేలు కుట్టిన దొంగలా అన్నీ లోపలే మింగుతోంది.

అందుకే మంచం మీద కూర్చుని తన పనితనమంతా చూపించింది. నైటీకి పొట్ట దగ్గర లోపలివైపు మెత్తటి నూలుగుడ్డ రెండు పొరలు వేసి, బయటికి ఒక్క కుట్టూ కనపడకుండా చేత్తోనే కుట్టుకుంది. చెమ్మ బయటికి రాదు. రోజూ బాత్రూంలో తనే ఉతికి ఆరేసుకుని, ఆరగానే మళ్ళీ తొడుక్కుంటోంది. ఇంత తెలివైన టైలరమ్మ ఒక్కటి మర్చిపోయింది. ఆ ఇంట్లో చేతిగుడ్డ కూడా ఇస్త్రీ కాకుండా అలమారలోకి వెళ్ళదు.

తొమ్మిదింటికి అత్తగారు ముందుగదిలో ఇస్త్రీ మొదలుపెట్టింది. ఆ రోజు కోడలికంటే ముందే దండెం మీంచి తీసిన నైటీ చేతికి రాగానే ఆగింది. బరువుగా ఉంది. భుజాలు ఆరాయి, అంచు ఆరింది. పెట్టె పొట్ట దగ్గరికి రాగానే సుయ్యిమంది. నైటీ తిరగేసింది. తెల్లటి నూలుగుడ్డ మీద, ఉతికినా వదలని పసుపుపచ్చటి మరక. ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపేసి, నైటీ పట్టుకుని గదిలోకి వెళ్ళింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

కోడలు నైటీ చూసింది, అత్తగారి మొహం చూసింది. "ఏం లేదత్తయ్యా, కొంచెం చెమ్మ..."

"ఎన్నాళ్ళని అడిగాను."

"నాలుగు రోజులు."

అత్తగారు దగ్గరికొచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి వేడికి అలవాటు పడ్డదే అయినా చటుక్కున వెనక్కి వచ్చింది. "ఒళ్ళు కాలిపోతోంది. ఇంట్లో మనుషుల్లేరా? నేను చచ్చాననుకున్నావా? మరక దాచడానికా నీ కుట్టుపని పనికొచ్చింది?"

"ఎవరికి చెప్పమంటారు?" కోడలి గొంతు లేచింది. పదిహేడు రోజుల్లో లేవడం అదే మొదటిసారి. "మీకా? నొప్పంటే మీరేమంటారో నాకు తెలీదా? 'నేను ముందే చెప్పాను' అంటారు. ఆ మాట వినేకంటే ఈ నొప్పే నయం అత్తయ్యా."

అత్తగారు మంచం అంచున కూర్చుంది. చేతిలో నైటీని ఊరికే మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.

"అన్నాను. కాదనను" అంది. "నిరుడు ఆ ఆపరేషన్ గది బయట బెంచీ మీద ఆరు గంటలు కూర్చున్నానే అమ్మాయ్. వాడు అటూ ఇటూ తిరిగాడు, నాకు తిరగడానికి నడుం లేదు. తలుపు తెరిచినప్పుడల్లా నా గుండె ఆగింది. మళ్ళీ అదే బెంచీ మీద కూర్చోమంటే నా వల్ల కాదనిపించింది. భయమేస్తోందని చెప్పడం చేతగాక కొరివి అన్నాను." పమిటతో కళ్ళు ఒత్తుకుంది. "నాకేం తెలుసు, ఆ మాట నీ నోరు కుట్టేసిందని."

కోడలికి కూడా కన్నీళ్ళు ఆగలేదు.

టాక్సీలో ఇద్దరూ పక్కపక్కన వంగి కూర్చుని ఆస్పత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ చూసి, కుట్టు దగ్గర చీము పట్టిందనీ, ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే మళ్ళీ కోయాల్సి వచ్చేదనీ, ఇప్పుడు మందులతో తగ్గిపోతుందనీ చెప్పింది. కొత్త రొమ్ముకి ఢోకా లేదంది. నర్సు కట్టు విప్పుతూ, "నొప్పిగా ఉంటే చెప్పండి" అంది.

"బానే..." అని మొదలుపెట్టి కోడలు ఆగింది. అత్తగారు ఆమెనే చూస్తోంది.

"నొప్పిగా ఉంది అత్తయ్యా. చాలా నొప్పిగా ఉంది."

"ఊఁ. చెప్పు" అంది అత్తగారు, చెయ్యి పట్టుకుని. "గట్టిగా చెప్పు. నేను వింటున్నాను."

కోడలు ఏడ్చింది. ఆపకుండా, మొహమాటం లేకుండా ఏడ్చింది. నర్సు శుభ్రం చేసి వెళ్ళాక అత్తగారు మొదటిసారి ఆ కొత్త రొమ్ము వైపు తేరిపార చూసింది. చుట్టూ సన్నటి ఎర్ర గీత. ముప్పై ఏళ్ళు బట్ట మంచీ చెడూ చూసిన కళ్ళతో చూసింది. "బాగా కుదిరింది అమ్మాయ్" అంది. "నీకు కావాలన్నావు. బాగా చేయించుకున్నావు."

సాయంత్రం భర్త ఇంటికొచ్చి, బూట్లైనా విప్పకుండా రోజూ అడిగే మాటే అడిగాడు. "ఎలా ఉందోయ్?"

కోడలు అత్తగారి వైపు ఒకసారి చూసి, "కూర్చోండి, చెప్తాను" అంది.

అతను ఆ బూట్లతోనే కింద కూర్చున్నాడు. మొదటి రోజు నుంచీ మొదలుపెట్టి ఆమె చెప్పడానికి గంట పట్టింది. మధ్యలో ఎక్కడైనా ఆమె తగ్గించి చెబితే, ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి అత్తగారు సరిదిద్దుతూనే ఉంది.