అగ్గిపెట్టెల బస్సు ఆగే కల్వర్టు

నాగలాపురం రోడ్డులో సీమతుమ్మల పక్కనున్న కల్వర్టు మంచిది కాదని పేరు. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కంపెనీ బస్సు తెల్లారుజామున నాలుగింటికి అక్కడే ఆగేది. తొంభై ఎనిమిదిలో పనికిపోయే ఆడోళ్ళు అక్కడ ఎక్కడం మానేసి, చీకట్లో అర మైలు నడిచి ముందు స్టాపుకి పోయేవాళ్ళు.

ఎందుకంటే... ఆ వేళకి కల్వర్టు కాడ నాలుగు వీధికుక్కలు వరసగా కూచుంటాయి. మొరగవు. ఎవరూ లేని చోటుకేసి చూస్తూ తోకలాడిస్తాయి.

"మన సెల్వేనంట," అని పేచ్చియమ్మాళ్ చెల్లెలి చెవిలో అంది. "నువ్వు ఆడికి పోవద్దే మునీ."

చెల్లెలు మునియమ్మాళ్ కువైట్ నుంచి దిగి రెండు రోజులే. ఇసక్కిసెల్వి ఆమెకి ఒక్కతే కూతురు. పందొమ్మిదేళ్ళ పిల్ల, కామెర్లొచ్చి ఆరు రోజుల్లో పోయింది. కబురు అందింది గానీ, పాస్‌పోర్టేమో తను పనిచేసే ఇంటివాళ్ళ బీరువాలో ఉండిపోయింది. వచ్చేసరికి ఏడు నెలలు. బిడ్డ మొహం చూడలేదు. పిడికెడు మట్టి వేయలేదు.

చిన్నప్పుడు సెల్వికి కుక్కంటే భయంతో ప్రాణం పోయేది. ఒకటి కనబడితే చాలు, అమ్మ వెనక దూరి కొంగు రెండు చేతులా పట్టుకునేది. కంపెనీ పనిలో చేరినప్పుడు, ఉత్తరానికి బదులు పంపే క్యాసెట్టులో ఏడ్చింది — "బస్సు కాడ కుక్కలు తరుముతాయమ్మా. నేను పోను."

కువైట్‌లో మునియమ్మాళ్ అంట్లు తోమాక, కిటికీలోంచి చెత్తతొట్టి కాడికి చేరే కుక్కల్ని చూస్తా నిలబడేది. చూడ్డానికి తనవాళ్ళెవరున్నారు గనక? చూసి చూసి నేర్చుకున్నదే తిరుగు క్యాసెట్టులో చెప్పింది — "పరిగెత్తబాక తల్లీ. పరిగెత్తేవాళ్ళనే తరుముతాయి. నిలబడు. అన్నం పట్టుకుపోయే తూక్కుచట్టిలోంచి పిడికెడు సద్దన్నం పెట్టు. చుట్టాలైపోతాయి."

అయినాయి కూడా.

"దెయ్యమైతే ఏమక్కా? నా బిడ్డే కదా."

"కువైట్ పోయొచ్చి నీకు భయం పోయిందా, మతి పోయిందా? పోయినోళ్ళని పిలవకూడదే!"

"పిలవను. ఒక్కసారి చూసొస్తా... అంతే."

మర్నాడు అక్క లేవకముందే, సద్దన్నం తీసుకుని బయల్దేరింది.

చీకటి. ఆకు కదలడం లేదు. కల్వర్టు కాడ నాలుగు కుక్కలు... వరసగా.

పిలవనన్న మనిషి పిలిచేసింది. "సెల్వీ..."

కుక్కలు లేచినాయి. వాటికి ఈమె ఎవరో తెలీదు. నాలుగూ మొరుగుతా మీదికొచ్చినాయి. తూక్కుచట్టి చేజారి అన్నం మట్టిపాలైంది. బిడ్డకి చెప్పిన మాట తనకే గుర్తు రాలేదు. వెనుదిరిగి పరుగందుకోబోయింది —

అడుగు పడలేదు. వెనకనుంచి కొంగు బిగిసింది.

తుమ్మముల్లు అనుకుంది. కానీ ముల్లు ఒక్కచోట పట్టుకుంటుంది. ఇది పక్కపక్కనే రెండు చోట్ల... గట్టిగా...

మొరుగుడు టక్కున ఆగిపోయింది. వెనక నేలకి తోకలు కొట్టుకుంటున్న చప్పుడు.

మునియమ్మాళ్ తిరిగి చూడలేదు. చూస్తే వదిలేస్తుందేమోనని. కళ్ళు మూసుకుని అట్లే నిలబడింది. దూరంగా బస్సు హారన్ మోగేదాకా.

అప్పుడు కొంగు వదులైంది.

"ఏం చూస్తివే?" అని గుమ్మంలోనే అడిగింది అక్క.

"ఏమీ చూడలేదక్కా."

పేచ్చియమ్మాళ్ దీపం దగ్గరికి పట్టింది. చెల్లెలి కొంగు రెండు చోట్ల నలిగి, తడిగా ఉంది.

చిన్నపిల్ల పిడికిళ్ళంత మేర.