జానెడు దూరం

గుండుసూదుల డబ్బా మోచేయి తగిలి బోర్లా పడింది. గచ్చు నిండా సూదులే. టైలరమ్మ నిట్టూర్చి కుట్టుమిషన్ సొరుగులో చేయి పెట్టింది. అక్కడ ఎప్పుడూ ఒక గుండ్రటి అయస్కాంతం ఉండేది. దాన్ని నేలమీద అలా ఓసారి తిప్పితే చాలు, సూదులన్నీ అంటుకుని ముళ్లపందిలా పైకి వచ్చేవి. ఇప్పుడు సొరుగులో దారపుండలూ చాక్ ముక్కలూ తప్ప ఏమీ లేవు.

“ఏమండీ, నా అయస్కాంతం ఏమైనా చూశారా?”

వంటగది గుమ్మంలో నిలబడి టీ తాగుతున్న భర్త తలెత్తలేదు. “నేనే తీసేశాను.”

“అది కూడానా?”

“అది కూడా.”

ఫ్రిజ్ తలుపు మీద కూతురి చిన్నప్పటి ఫొటోల్ని పట్టుకుని ఉండే బొమ్మలు ముందు పోయాయి. తర్వాత ఆమె చేతిసంచికున్న అయస్కాంతపు గుండీ పోయింది. బీరువా తలుపుల్ని మూసి ఉంచే బిళ్లల్ని కూడా ఆయన ఊడదీశాడు. అప్పట్నుంచీ ఆ తలుపులకి ఆమె రిబ్బను ముడి వేస్తోంది.

“మరి ఈ సూదులేం చెయ్యను?”

“చీపురుతో ఊడ్చెయ్. వద్దులే, వంగకు. సాయంత్రం నేనొచ్చి ఏరతాను.”

“అందాకా గాల్లో నడవమంటారా?”

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. కప్పుని బల్లకి ఆ చివర పెట్టి, చెప్పులేసుకుని, వీధి గుమ్మం నుంచే “వెళ్లొస్తా” అన్నాడు. ఆమె జవాబు చెప్పేలోగా తలుపు మూసుకుంది.

ఆయన్ని శిష్యులు అయస్కాంతం మాస్టారు అంటారు. అయస్కాంతాలూ, సెమీకండక్టర్లనే అర్ధవాహకాలూ కలిపి కొత్త పదార్థాలు తయారుచెయ్యడం ఆయన పరిశోధన. బండి చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో, తలుపు పడిందో లేదో కనిపెట్టే చిన్న చిన్న బిళ్లల్లో ఆయన ప్రయోగశాల చేసిన పొరలుంటాయి. పెళ్లయిన కొత్తలో ఆమెకి ఇవేవీ అర్థమయ్యేవి కావు. అయినా రోజూ సాయంత్రం, “ఇవాళ దేనికి ఏది అంటుకుంది?” అని అడిగేది. ఆయన సంబరంగా చెప్పేవాడు. ఒకసారి పెద్ద అయస్కాంతం శిష్యుడి చేతిలోని కత్తెరని లాక్కుపోయిన సంగతి చెబితే, “నా కత్తెరలైతే అంత తేలిగ్గా రావు, నాలాగే మొండివి” అని ఆమె పడీ పడీ నవ్వింది.

గత చలికాలంలో ఆమె మిషన్ మీదే ఒరిగిపోయింది. గుండె కొట్టుకోవడం మరీ నెమ్మదించిందని, ఎడమ భుజం కింద చర్మం లోపల చిన్న యంత్రం అమర్చారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒక్క జాగ్రత్తే గట్టిగా చెప్పింది. “ఫోనూ, అయస్కాంతాలూ దానికి జానెడు దూరంలో ఉంచండి. అంతకు మించి భయపడాల్సిందేం లేదు.” మాస్టారు బుద్ధిమంతుడైన కుర్రాడిలా తలూపాడు.

ఆ వారమే ఆయన మంచం ముందు గదిలోకి మారింది. గురక పెడతాను, నీకు నిద్ర చెడుతుంది అన్నాడు. పెళ్లయినప్పట్నుంచీ పెడుతున్న గురక ఇప్పుడు కొత్తగా ఎందుకు గుర్తొచ్చిందో ఆమెకి అర్థం కాలేదు. ఇంటికి రాగానే తిన్నగా స్నానాల గదిలోకి వెళతాడు. ప్రయోగశాల బట్టలు సంచిలో కట్టి బయటే ఉంచుతాడు. భోజనం బల్లకి ఆ కొసన కూర్చుంటాడు. మాటలు కూడా ఆ కొసనుంచే. మందు వేసుకున్నావా? వేసుకున్నాను. కళ్లు తిరిగాయా? లేదు. అంతే.

ఆమెకి పలకరింపులకి కరువు లేదు. కొలతలివ్వడానికొచ్చిన వాళ్లు లోకం మీది కబుర్లన్నీ చెప్పిపోతారు. వాళ్లు వెళ్లాక మాత్రం ఇల్లు బావిలా ఉంటుంది. గౌనులు తొడిగి చూసే చెక్కబొమ్మతో మాట్లాడటం ఎప్పుడు మొదలైందో ఆమెకే తెలియదు. “ఇవాళ కూర బాగా కుదిరిందే, ఎవరికి చెప్పను?” అని ఒకరోజు దానితో అంటూ తన గొంతు తనే విని ఉలిక్కిపడింది. అద్దం ముందు నిలబడి కుట్టు మచ్చని తడుముకునేది. ఎన్ని వేల కుట్లు వేసిన చేయో, ఆ చిన్న కుట్టు దగ్గర ఆగిపోయేది. ఆయన దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

‘పగిలిన కప్పుని పారెయ్యలేక పైఅరలో పెట్టినట్టు పెట్టాడు నన్ను’ అనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం కూతురు వచ్చింది. భోజనాలయ్యాక మాస్టారు జేబులోంచి చిన్న పెట్టె తీసి, బల్ల మీద భార్య వైపుకి తోశాడు. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో పాత వెలుగు కనిపించింది.

“తెరువు. నీకోసమే చేశాను.”

లోపల కోటుకి పెట్టుకునే పిన్నులా ఒక నల్లటి బిళ్ల ఉంది.

“ఇందులో మేం పెంచిన అర్ధవాహకపు పొర ఉంది. వెంట్రుక కన్నా పల్చన. అందులో కరెంటు తిన్నగా పోతూ ఉంటుంది. అయస్కాంతం దగ్గరికొస్తే ఓ పక్కకి ఒరుగుతుంది. ఆ ఒరగడాన్ని పట్టుకుని ఇది కూత పెడుతుంది. బట్టలకి పెట్టుకో, చాలు. ఏది దగ్గరికొచ్చినా నీకు ముందే తెలిసిపోతుంది.”

“భలే ఉంది నాన్నా!” అంది కూతురు.

టైలరమ్మ బిళ్లని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇది పెట్టుకుంటే మీరు మన గదిలో పడుకుంటారా?”

ఆయన మొహంలో వెలుగు తగ్గింది. “ఇంకా కొన్ని పరీక్షలున్నాయి. పూర్తిగా నమ్మడానికి లేదు. కొన్నాళ్లు ఆగితే...”

“కొన్నాళ్లంటే?”

“అమ్మా...” అని కూతురు చేయి పట్టుకోబోయింది. ఆమె విదిలించుకుంది.

“నువ్వుండవే. పక్కన మనిషి లేక నేను చెక్కబొమ్మతో మాట్లాడుతుంటే ఈయన నాకు కూతపెట్టే బిళ్ల చేసుకొచ్చారు! డాక్టరమ్మ చెప్పింది జానెడు దూరం. మీరు పెట్టింది ఊరంత దూరం. ఈ మచ్చ చూస్తే అంత అసహ్యమా మీకు?”

“అసహ్యమా?” ఆయన దిగ్గున లేచాడు. “నీకేం తెలుసు? నేను రోజంతా ఎలాంటి వాటి మధ్య తిరుగుతానో తెలుసా? గోరంత ముక్క జేబు మడతలో ఉండిపోతే చాలు. కంటికి ఆనదు, చప్పుడు చెయ్యదు. నువ్వు నిద్రలో ఉంటావు. నేను పక్కనే ఉంటాను. నా వల్లే...”

“పక్కన ఉండటం మీకెప్పుడు చేతనైందిలెండి! నేను పడిపోయిన రోజు కూడా మీ ఫోను ప్రయోగశాల లాకర్లోనే ఉందిగా!”

ఆ మాట ఇంతవరకూ ఆమె మనసులో కూడా అనుకున్నది కాదు. ఎక్కణ్నుంచి ఊడిపడిందో తెలీదు. మాస్టారు కుర్చీని చప్పుడు కాకుండా లోపలికి జరిపి, ముందు గదిలోకి వెళ్లిపోయాడు.

కూతురు చాలాసేపు గిన్నెలు సర్దినట్టు చేసి, చివరికి మెల్లగా అంది. “యంత్రం పెట్టిన రోజు ఆసుపత్రిలో నీకు మెలకువ లేదమ్మా. నాన్న చొక్కా, చెప్పులు, బెల్టు అన్నీ విప్పేసి, వాళ్లిచ్చిన పచ్చ గౌను తొడుక్కుని నీ గది బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. ‘నా ఒంటినిండా అయస్కాంతపు రజను ఉందేమోనమ్మా’ అన్నాడు. నర్సులు నవ్వారు. నాకు కోపమొచ్చింది. ఎంత భయపడ్డాడో అప్పుడు నాకు తట్టలేదు.”

టైలరమ్మ లేచి ముందు గదిలోకి వెళ్లింది. ఆయన మంచం అంచున, రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చోగానే అలవాటుగా అటు జరిగాడు.

“జరక్కండి.”

ఆగిపోయాడు.

“ఫోను మాట... నోరు జారాను. అలా అనుకోలేదు నేనెప్పుడూ.”

“నేను రోజూ అనుకుంటున్నాను,” అన్నాడాయన నేలని చూస్తూ. “అయస్కాంతం దగ్గరికొస్తే ఆ యంత్రం ఏం చేస్తుందో నాకు బాగా తెలుసు. పాఠం చెప్పమంటే చెబుతాను. నీ దగ్గరికి వచ్చేసరికి తెలిసిందేదీ పనికిరావడం లేదే. నీ మీద చెయ్యి వెయ్యాలంటే వేళ్లు వణుకుతున్నాయి. ఎవరికైనా చెబితే నవ్వుతారు.”

ఆమె నవ్వలేదు. ఆయన మెడమీద తెల్లవెంట్రుకలు పెరిగి ఉన్నాయి. ఇదివరకు వాటిని ఆమే కత్తిరించేది. తను చెక్కబొమ్మతో మాట్లాడుకున్న రోజుల్లో గోడకి ఇవతల ఈ మనిషికి ఆ బొమ్మ కూడా లేదని తట్టి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

“రేపు నాతో డాక్టరమ్మ దగ్గరికి రండి. నాకోసం కాదు, మీకోసం.”

మర్నాడు డాక్టరమ్మ అంతా విని కళ్లజోడు తీసింది. “మాస్టారూ, అయస్కాంతం మరీ దగ్గరికొస్తే యంత్రం కాసేపు గుండెని ఒకే వేగంతో కొట్టిస్తుంది. దూరం జరిగితే మళ్లీ మామూలే. బట్టలు మార్చుకుని జేబులు చూసుకుంటున్నారుగా, అది చాలు. ఇదంతా మీకూ తెలుసు.”

“తెలుసు.”

“మరి నేనేం చెప్పాలి మీకు?”

“మీరు కూడా ఒకసారి చెబితే బావుంటుందని...” అన్నాడాయన. టైలరమ్మ మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఇద్దరు పట్టే సీటు దొరికింది. కిటికీ పక్కన ఆమె కుడివైపుకి కూర్చుంటే, ఆయనకి మిగిలింది ఎడమవైపే. యంత్రం ఉన్న వైపు. ఆయన చొక్కా జేబు తడుముకున్నాడు. ఫోన్ తీసి తన అవతలి జేబులో వేసుకున్నాడు. అయినా నిలబడే ఉన్నాడు.

“కూర్చుంటారా, ఇంకెవరినైనా పిలవనా?” అందామె.

కూర్చున్నాడు. మొదట సీటు అంచున, కాలు నడవలోకి పెట్టుకుని. బస్సు మలుపు తిరిగినప్పుడు ఆయన భుజం ఆమె భుజాన్ని తాకింది. ఆమె మొహంలోకి చూశాడు. ఆమె బయటి దుకాణాల్ని చూస్తూ, “ఆ కొట్టువాడు ఎంత పిచ్చి రంగు పరదాలు కట్టాడో చూశారా?” అంది.

ఆయన చూశాడు. “నిజమే” అన్నాడు. ఈసారి భుజం వెనక్కి తీసుకోలేదు.

కాసేపటికి గురక మొదలైంది. ఎన్ని రోజుల నిద్రో, తల మెల్లగా ఒరిగి ఆమె భుజం మీద ఆగింది. ముందు సీట్లోని వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఆమె సిగ్గుపడలేదు, కదల్లేదు. తామిద్దరూ దిగాల్సిన చోటు వచ్చింది. బస్సు ఆగి, ఎవరో దిగి, ఎవరో ఎక్కి, మళ్లీ బయల్దేరింది.

టైలరమ్మ ఆయన్ని లేపలేదు.