మూడో ట్రాలీ

పంచదార గోదాంలో శవం బోర్లా పడి ఉంది. పక్కనే చిరిగిన బస్తా. చీమలు శవం దాకా వచ్చి, చుట్టూ తిరిగి బస్తాకేసి పోతున్నాయి. వాటికి కావలసింది వేరే.

మెడ వెనక సూది గుచ్చిన చుక్క. చచ్చినవాడు ఆ బిస్కెట్ ఫ్యాక్టరీలో ఫ్లేవర్ కెమిస్ట్. రహస్యంగా గూఢచారి బ్యూరోకి సమాచారం అందిస్తున్న మనిషి. అతని ఫోన్‌లో పంపకుండా మిగిలిపోయిన మెసేజ్ ఒకటే ఉంది.

"మూడింట ఒకటి. వేరుశనగ."

బ్యూరోలో పెద్దాయన ఆ ఫోన్‌ని బల్ల మీద తోశాడు. ఎదురుగా చప్పిడి నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

చప్పిడి అన్నది అతని అసలు పేరు కాదు. ఒక మిషన్‌లో ముక్కులోకి విషవాయువు పోయింది. ప్రాణం దక్కింది గానీ రుచీ వాసనా పోయాయి. అప్పట్నుంచి అతనికి తేనె అయినా తెల్లకాగితమైనా ఒకటే. ఆ పేరు పెట్టింది కూడా పెద్దాయనే.

"ఆ ఫ్యాక్టరీ కొత్త బిస్కెట్ చేసింది," పెద్దాయన మొదలెట్టాడు. "పంచదార సగం. పామాయిల్ లేదు. ప్లాస్టిక్ లేదు, కాగితం ప్యాకెట్. అయినా రుచి తగ్గలేదట. ఇవాళ రేపు జనం ప్యాకెట్ ముందు వైపు చూడరు. వెనక్కి తిప్పి చదువుతారు. అందుకని అమ్ముడుపోతుంది."

"పోనివ్వండి. మనకేంటి?"

"విదేశీ ముఠా ఒకటి పామాయిల్ మీదే బతుకుతోంది. ఇది హిట్టయితే వాళ్ళ పని అయిపోయినట్టే. లాంచింగ్ రోజునే దీన్ని కెమెరాల ముందు చంపాలని ప్లాన్. ప్యాకెట్ మీద 'వేరుశనగ లేదు' అని పెద్దక్షరాల్లో వేశారు. అందులో వేరుశనగ కలిపితే? అది పడని వాడొకడు నాలుగు నిమిషాల్లో పడిపోతాడు. చాలు."

"లాంచింగ్ ఆపేయమనండి."

"ఆపినా వాళ్ళే గెలిచినట్టు. కల్తీ అన్న మాట బయటికొస్తే ఆ బిస్కెట్ని కుక్క కూడా ముట్టదు. నువ్వు టేస్టరుగా లోపలికి పో."

"నాకు రుచి తెలీదు సార్."

"తెలుసులేవోయ్. రుచి తెలీనివాణ్ణి టేస్టరుగా పంపేంత వెధవలమని వాళ్ళు కల్లో కూడా అనుకోరు." పెద్దాయన ఒక పెన్ను విసిరాడు. "మూత కింద స్ట్రిప్ ఉంది. బిస్కెట్ పొడిలో గుచ్చు. వేరుశనగ ఉంటే నీలం అవుతుంది. ఒక్కసారే పనికొస్తుంది, జాగ్రత్త. లోపల మన మనిషి ఉంది. చీఫ్ టేస్టర్. బంగారు నాలుక అంటారు."

టేస్టింగ్ రూమ్‌లో చిన్న చిన్న క్యాబిన్లు. ప్రతి క్యాబిన్‌లో ఎర్ర లైటు, రంగు చూసి రుచి ఊహించుకోకుండా. గ్లాసుడు నీళ్ళు, ఉమ్మడానికి కాగితం కప్పు. లోపలికి బ్యాగులు తేకూడదు, బయట చీఫ్ టేస్టర్ గదిలో పెట్టాలి. సెంటు పూసుకోకూడదు.

బంగారు నాలుక సెంటు పూసుకోదు, లిప్‌స్టిక్ వేసుకోదు. అవేవీ లేకుండానే ఆమె వరండాలో నడిస్తే ప్యాకింగ్ సెక్షన్ చేతులు ఆగిపోయేవి.

"ఉప్పు తగ్గింది," అన్నాడు చప్పిడి. అది కోడ్.

"తగ్గింది ఉప్పు కాదు, ఓపిక," అందామె. కోడ్ కలిసింది. పెన్ను చూపించమని చెయ్యి చాపింది. అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి, తిరిగి ఇచ్చేసింది.

అదే గదిలో ఇద్దరు కొట్టుకుంటున్నారు. ఒకరు న్యూట్రిషన్ హెడ్. అందరికీ డాక్టరమ్మ. రెండోవాడు ప్యాకింగ్ ఇంజనీర్, ఆమెకి స్వయానా తమ్ముడు.

"నీ కాగితం ప్యాకెట్లో బిస్కెట్ మెత్తబడుతోందిరా! మెత్తబడితే జనం ఇంకాస్త తీపి కావాలంటారు. అప్పుడు పంచదార నీ నెత్తిన పోసుకుంటావా?"

"నీ పీచుపదార్థం వల్ల మెత్తబడుతోందక్కా, నా కాగితం వల్ల కాదు. ఎద్దు తినే తవుడంతా తెచ్చి అందులో పోశావు."

"ఇద్దరూ నోరు మూస్తారా?" బంగారు నాలుక విసుక్కుంది. "ఆరోగ్యం ఒకరికి, పర్యావరణం ఒకరికి. తినేవాడి నోరు సంగతి ఎవడికీ పట్టదు. చివరికి నేను సంతకం పెడితేనే బయటికి పోతుంది, గుర్తుపెట్టుకోండి."

ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్న చూపుల్లో పగ తప్ప ఏమీ లేదు. అయినా బిస్కెట్ తయారైంది. ఒకడు లాగితే ఇంకొకడు వదలకపోవడం వల్లనే అది మధ్యలో నిలబడిందని చప్పిడికి అనిపించింది.

లాంచింగ్ రోజు మూడు ఓవెన్ల నుంచి మూడు ట్రాలీలు హాలు గుమ్మం దాకా వచ్చాయి. మూడింట ఒకటి. చప్పిడి పెన్ను మూత తీశాడు. స్ట్రిప్ అప్పటికే నీలంగా ఉంది. ఇంకా దేన్నీ ముట్టుకోలేదు.

ఈ ఫ్యాక్టరీలో ఆ పెన్ను సంగతి తెలిసింది ఇద్దరికే. ఒకడు తను.

తిన్నగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. "ఒక ట్రాలీలో వేరుశనగ కలిసింది. ఏదో తెలీదు."

ఆమె మొహం ఎర్రబడింది. "నువ్వేనా ఆ మనిషివి? లాంచింగ్ ఆపించడానికి ఎవడో గూఢచారి దూరాడని చీఫ్ టేస్టర్ చెప్పనే చెప్పింది. నా కూతురికి వేరుశనగ పడదయ్యా, దాని ఇంజెక్షన్ ఎప్పుడూ నా బ్యాగులోనే ఉంటుంది. ఈ బిస్కెట్ పుట్టిందే దానికోసం. నా ఫ్యాక్టరీ గేటు దాటి ఒక్క గింజ రాదు!"

"అయితే పరీక్ష పెట్టండి. మూడు బిస్కెట్లు, ట్రాలీకి ఒకటి. రెండు ఒకటే, ఒకటి వేరు. ఏది వేరో పట్టుకోవాలి. ఇది మీ రూలే కదా?"

"పెట్టు అక్కా," అన్నాడు తమ్ముడు. "వీడి నోరు మూతబడుతుంది. ఆ తర్వాత వీణ్ణి గేటు బయట పారేయిస్తాను."

టేస్టర్లందరూ క్యాబిన్ల దగ్గర చేరారు. బంగారు నాలుక కాదనలేకపోయింది. ఎర్ర లైటు కింద కూర్చుని మూడూ కొరికింది. నమిలింది. మధ్యలో నీళ్ళు పుక్కిలించింది. చప్పిడి ఆమె కళ్ళనే చూస్తున్నాడు. మూడోది నోట్లో పెట్టుకున్నప్పుడు ఆ కళ్ళు ఒక్క క్షణం మూతలు పడ్డాయి.

"తేడా ఏం లేదు," అందామె. "మూడూ ఒకటే."

డాక్టరమ్మ ఊపిరి పీల్చుకుంది. అప్పుడే గోడ మీది స్పీకర్‌లోంచి యాంకర్ గొంతు వినిపించింది. "ఇప్పుడు మన బిస్కెట్ మొట్టమొదట రుచి చూడబోయేది... ఎవరో తెలుసా? దీన్ని తయారుచేసిన డాక్టరుగారి చిట్టితల్లి! రామ్మా స్టేజి మీదికి!"

"సర్‌ప్రైజ్," అంది బంగారు నాలుక తియ్యగా. "నేనే ఏర్పాటు చేశాను."

డాక్టరమ్మ కళ్ళు చెమర్చాయి. మొదటిసారి ఆమె చెయ్యి పట్టుకుంది.

ఏ ట్రాలీ లోపలికి పోయిందో ఇక్కణ్ణుంచి కనపడదు. హాలు గుమ్మం దగ్గర సెక్యూరిటీ వాళ్ళు చేతులు కట్టుకుని చప్పిడినే చూస్తున్నారు. అతను క్యాబిన్ దగ్గరికి వెళ్ళి మూడు బిస్కెట్లూ కొంచెం కొంచెం కొరికాడు. కాగితం నమిలినట్టుంది, ఎప్పటిలాగే.

"తేడా ఎందుకు లేదు? మొదటిదే వేరు," అన్నాడు. "నోట్లో పెట్టగానే తెలిసిపోయింది. ఇంతేనా ఈ నాలుక? దీనికా ఇంత పేరు?"

ఆమె పెదవులు బిగించింది.

"వయసు మీద పడితే నాలుక మొద్దుబారుతుందిలెండి. ఆవిడ తప్పేముంది?" అన్నాడు చప్పిడి.

ఇంజనీర్‌కి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. అతనూ ఓ ముక్క నోట్లో వేసుకున్నాడు. "నాకూ మొదటిదే తేడాగా ఉంది. ఏవమ్మా, మీరేమంటారు?"

ఆమె దగ్గర పని నేర్చుకున్న టేస్టర్లు మొహాలు చూసుకున్నారు. ఎన్నాళ్ళ కసో, ఒకతె తలూపింది. "మొదటిదేనేమో మేడమ్." ఇంకొకతె కిసుక్కున నవ్వింది.

ప్రాణం తీయమంటే తీయగలదు ఆమె. తీసింది కూడా, ఆ గోదాంలో. కానీ ఎర్ర లైటు కింద నలుగురూ తప్పు జవాబు చెప్తుంటే వినడం ఆమె వల్ల కాలేదు.

"మొదటిదా? గాడిదల్లారా!" లేచి నిలబడింది. "ఇన్నేళ్ళూ మీకు నేర్పింది మట్టిపాలు! మూడోది! మింగాక నాలుక మొదట్లో పచ్చి వేరుశనగ జిడ్డు పట్టుకుని వదలదు, అది కూడా తెలీదా మీకు? మూడో..."

ఆగిపోయింది.

గది గదంతా ఆమెనే చూస్తోంది. డాక్టరమ్మ పట్టుకున్న చెయ్యి మెల్లగా వదిలేసింది. ఒక్క అంగలో గుమ్మం దాటి, బంగారు నాలుక గదిలో పెట్టిన తన బ్యాగు లాక్కుని బోర్లించింది. దువ్వెన, తాళాలు, రుమాలు.

"ఇంజెక్షన్ లేదు! దాని ఇంజెక్షన్ తీసేశారు!"

చప్పిడి అప్పటికే పరిగెడుతున్నాడు. సెక్యూరిటీవాడొకడు చొక్కా పట్టుకున్నాడు. చొక్కా వాడి చేతిలోనే ఉండిపోయింది.

స్టేజి మీద మూడో ట్రాలీ. పక్కన రెండు జడల పిల్ల. బిస్కెట్ పెదవులకి తగులుతోంది. ముందు వరసలో విదేశీ కొనుగోలుదారు వేషంలో ఒకడు ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు.

బనియన్‌తో ఒక మనిషి ఎగిరి స్టేజి మీద పడ్డాడు. పిల్ల చేతిలో బిస్కెట్ లాక్కుని మొత్తం తన నోట్లో కుక్కుకున్నాడు.

హాల్లో ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. ఇది కూడా ప్రోగ్రామే అనుకున్నారు. యాంకర్ తెలివైనది. "చూశారా, చిన్నపిల్లకి కూడా మిగల్చడం లేదు!" అంది.

"దొంగ!" అంది పిల్ల. చప్పిడి మోకాలి మీద గట్టిగా తన్నింది.

డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చి పిల్ల మూతీ చేతులూ కొంగుతో తుడిచింది, చర్మం ఊడొచ్చేలా. ఆమె వెనకే ఇంజనీర్ మొదటి ట్రాలీ తోసుకొచ్చాడు. ఫోన్ పట్టుకున్నవాడు మెల్లగా లేచి గుమ్మం వైపు నడిచాడు. అక్కడ పెద్దాయన నిలబడి ఉన్నాడు, కేటరింగ్ ఆప్రాన్ కట్టుకుని. ఆ ఆప్రాన్ కింద సంకెళ్ళున్నాయి.

బంగారు నాలుక పారిపోలేదు. టేస్టర్లు ఆమెని ఎర్ర లైటు క్యాబిన్‌లో పెట్టి తలుపు వేశారు. చప్పిడి వచ్చి తలుపు తీసేసరికి ఆమె కదలకుండా కూర్చుని ఉంది.

"నిజం చెప్పు," అంది. "నీకు మొదటిది తేడాగా అనిపించిందా?"

"నాకు రుచి తెలీదు."

ఆమె కాగితం కప్పు తీసుకుని అందులో ఉమ్మింది.

స్టేజి మీద పిల్ల మొదటి ట్రాలీ బిస్కెట్ తిని, మైకులో తీర్పు చెప్పింది. "బానే ఉంది. కొంచెం మెత్తగా ఉంది."

"చూశావా? కాగితం!" అంది డాక్టరమ్మ.

"పీచు!" అన్నాడు తమ్ముడు.

మైకు ఆపడం ఎవరికీ గుర్తు రాలేదు. బయట కారులో పెద్దాయన అడిగాడు, "అవునోయ్, అంత గొడవ చేసి మొత్తం తినేశావు. ఎలా ఉంది?"

చప్పిడి మోకాలు రుద్దుకున్నాడు.

"పిల్ల చెప్పింది నిజమే సార్. మెత్తగా ఉంది."